తాయారమ్మ నిలబడిన చోటు

ఎవరు ఏమి అడిగినా, ఆ ప్రశ్న పుట్టిన చోటు చూడనిదే జవాబు చెప్పకపోవడం పరాంకుశస్వామికి అలవాటు. ఇంటి గొడవ గురించి అడిగినవాడి ఇంటికి వెళ్లి మంచినీళ్లు అడిగేవారు. పొలం తగాదా తెచ్చినవాడి వెంట గట్టు మీద నడిచేవారు. ఆ సంగతి తెలుసు కాబట్టే గవర్రాజు తన ప్రశ్న అడగడానికి పది రోజులు వెనకాడాడు.

గవర్రాజుకి కాలువ ఒడ్డున అద్దకం షెడ్డు ఉంది. పొడవాటి బల్లల మీద గుడ్డ పరిచి, చెక్క అచ్చును రంగులో అద్ది, చేత్తో గుద్ది పువ్వులూ లతలూ దింపుతారు. ముందు నల్లగీత పడాలి. ఆ గీత లోపలే మిగతావాళ్లు ఎరుపూ పసుపూ నింపుకుంటూ వస్తారు. పందొమ్మిదేళ్లుగా ఆ నల్లగీత వేసిన మనిషి తాయారమ్మ. ఆమె గుద్దుని బట్టే మిగతా ఎనిమిది మంది చేతులూ లేచేవి, పడేవి. నెల కిందట నాలుగు రోజుల జ్వరంతో ఆమె పోయింది.

“మావాళ్లని ఎలా ఓదార్చాలి స్వామీ?” అని అడిగాడు గవర్రాజు.

తాను చేసినవన్నీ చెప్పాడు. రెండు రోజులు షెడ్డు మూశాడు. ఫొటో కట్టించి దండ వేశాడు. అందరినీ చాప మీద కూర్చోబెట్టి, తాను కుర్చీలో కూర్చుని, రాసుకొచ్చిన నాలుగు మంచి మాటలు చదివాడు. మూడో రోజున పక్క ఊరి నుంచి నాగవేణి అనే పనిమంతురాలిని తెచ్చి తాయారమ్మ అచ్చు ఆమె చేతికిచ్చాడు. అప్పటినుంచి ఆ నాగవేణితో ఎవరూ మాట్లాడటం లేదు. ఒక్కో వరస పూర్తికాగానే ఎనిమిది మందీ ఒక్క క్షణం చేతులు ఆపేస్తున్నారు. చేతిలో ఉన్న సరుకు పూర్తిచేసి అందరం వేరే షెడ్డుకి పోతామని పెద్దావిడ మస్తానమ్మ చెప్పేసింది.

అతను చెప్పనిది ఒకటుంది. ఆ ఒక్క క్షణం నిశ్శబ్దం అతని గుండెలో ముల్లులా దిగుతోంది. మూడేళ్ల కిందట అతని తండ్రి పోయినప్పుడు ఈ ఎనిమిది మందే దండ తెచ్చి వేసి, మధ్యాహ్నానికల్లా షెడ్డు ఎప్పుడు తీస్తారని కబురు పెట్టారు. పండక్కి బట్టలు పెట్టింది తను. వానాకాలం పని లేకపోయినా ఒక్కరినీ మాన్పించనిది తను. రేపు తను పోతే వీళ్ల చేయి అరక్షణమైనా ఆగుతుందా? తన దగ్గర పనిచేసి పోయిన మనిషి మీద అసూయపడుతున్నానని తెలిసి, సిగ్గుతో ఆ ఫొటో వంక చూడటమే మానేశాడు.

స్వామి లేచి చెప్పులు వేసుకున్నారు.

వాళ్లు వెళ్లేసరికి టీ వేళ. గవర్రాజు పరుగున కుర్చీ తెచ్చి వేశాడు. స్వామి దాన్ని చూడనట్టే వెళ్లి గోనెపట్టా మీద మస్తానమ్మ పక్కన కూర్చున్నారు. తాయారమ్మ ఎలాంటి మనిషని అడిగారు.

మస్తానమ్మ గవర్రాజు వైపు ఓరగా చూసింది. తర్వాత అంది: “మంచిదేం కాదు సామీ. మహా వెక్కిరింపు మనిషి. బాబుగారు షెడ్డులోకి వచ్చేముందు దగ్గుతారే, అచ్చం అలాగే దగ్గేది. మేం ఉలిక్కిపడి అచ్చులు అందుకుంటే కూర్చుని నవ్వేది.”

ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే అందరూ గవర్రాజు ముఖంలోకి చూసి తలలు దించుకున్నారు. అతనికి ఒళ్లు మండింది. తన దగ్గు మీద కూడా పందొమ్మిదేళ్లు నవ్వుకున్నారు, తను లేకుండా.

“నీకు ఏం గుర్తుంది నాయనా?” అన్నారు స్వామి.

ఒక్కరోజు నాగా పెట్టలేదని చెప్పబోయాడు. సభలో చదివిందీ అదే. కానీ నోటికి వేరే మాట వచ్చింది. షెడ్డు తెరిచిన రోజు ముహూర్తానికని మొదటి అచ్చు తనే గుద్దాడు. గీతంతా వంకరపోయింది. గుమ్మంలో అప్పిచ్చిన షావుకారు నిలబడి ఉన్నాడు. తాయారమ్మ అతని చేతి మీద చెయ్యి వేసి, మళ్లీ గుద్దించి, పాడైన గుడ్డను కొంగు చాటున దాచేసింది. “అరచేతి మడమతో కొట్టు బాబూ, వేళ్లతో కాదు” అని చెవిలో చెప్పింది. తర్వాత ఆ గుడ్డ ఏమైందో అతనికి తెలియదు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి దగ్గాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

“ఆ వంకరగీత గుడ్డ తమరిదా?” అంది మస్తానమ్మ. “అన్నం మూటకి కట్టుకొచ్చేది రోజూ. ఎవరు పాడుచేశారే అంటే చెప్పేది కాదు. పందొమ్మిదేళ్లు పక్కన నిలబడ్డాను, నాక్కూడా చెప్పలేదు చూడండి.” ఆమె గొంతులో దుఃఖం ఎంత ఉందో ఉక్రోషమూ అంతే ఉంది. ఆ ఉక్రోషాన్ని గవర్రాజు వెంటనే గుర్తుపట్టాడు.

మస్తానమ్మ కొంచెం జరిగింది. గవర్రాజు గోనెపట్టా మీద ఆమె పక్కన కూర్చున్నాడు. ఎవరో అతని చేతిలో టీ గ్లాసు పెట్టారు. ఆ కబుర్లు చాలాసేపు సాగాయి. చివరికి మస్తానమ్మే లేచి, దూరంగా ఒంటరిగా నిలబడ్డ నాగవేణి దగ్గరికి వెళ్లి, “అరచేతి మడమతో కొట్టమ్మా, వేళ్లతో కాదు. ఇక్కడ అలాగే కొడతాం” అంది.

తిరిగి వెళ్లేటప్పుడు కాలువ గట్టు మీద గవర్రాజు అడిగాడు: “వాళ్లకి నేను ఏమివ్వాలో మీరు చెప్పనే లేదు స్వామీ.”

“ఇచ్చేవాటి సంగతి నాకు తెలియదు,” అన్నారు స్వామి. “ఆ దుఃఖంలో నీ వాటా ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకున్నావో చూద్దామని వచ్చాను.”