పానకాలుగారి హాస్యం

పరదేశయ్యగారు అడిగిన ప్రశ్నకు అడిగినచోటే జవాబు చెప్పే మనిషి కాదు. ఎవరైనా ఏదైనా అడిగితే ముందు మజ్జిగ ఇప్పించేవారు. తరువాత ఆ ప్రశ్న నిన్నా మొన్నా పుట్టిందా, చాలాకాలంగా ఉన్నదా అని విచారించేవారు. కొత్తదైతే ఇంటికి పోయి నిద్రపొమ్మనేవారు, పాతదైతే ఇంకెక్కడికో పంపించేవారు. భట్టిప్రోలు దాటాక కాలవగట్టు మీద ఉన్న ఆయన పాకకు వచ్చినవాళ్ళలో సగంమంది ఈ పద్ధతి నచ్చక మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు. కూర్చోబెట్టి తీరిగ్గా వేదాంతం చెప్పే గురువులు బోలెడుమంది ఉండగా, ఎండనపడి వచ్చిన మనిషిని ఇంకో ఊరికి తరిమే గురువు మనకెందుకని వాళ్ళు అనుకున్నారు. వాళ్ళను తప్పుపట్టడానికీ లేదు. అయినా వదలకుండా వచ్చేవాళ్ళలో తెనాలి కోటిలింగం ఒకడు.

కోటిలింగం ఓవర్సీరు ఉద్యోగం చేసి రిటైరైనవాడు. మనవరాలున్న తాత. నలుగురు చేరినచోట తాను నోరు విప్పితే నవ్వులు పూస్తాయని గట్టి నమ్మకం ఉన్నవాడు. ఆ వేళ మాత్రం ముఖం వేలాడేసుకుని వచ్చి, చాప మీద కూలబడి, గుక్కలో మజ్జిగ తాగేశాడు. గ్లాసు పక్కన పెట్టి అడిగాడు.

"గురువుగారూ, మా నాన్న ఒక మాటంటే ఇల్లంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వేది. అదే మాట నేనంటే నా మనవరాలు నాతో మాట్లాడటం మానేసింది. చెడిపోయింది మాటా, మనుషులా?"

ఏమిటా మాట అని అడిగారు పరదేశయ్యగారు. కోటిలింగం చెప్పుకొచ్చాడు. తండ్రి పానకాలుగారు బియ్యం మిల్లులో గుమాస్తా. ఇంటికి చుట్టాలొస్తే పిల్లల్ని వరసగా నిలబెట్టి పద్యాలు చెప్పించడం ఆ రోజుల్లో అందరి ఇళ్ళలోనూ ఉన్నదే. తమ్ముడు చలమయ్య వంతు వచ్చేసరికి, వాన మీద బడిలో నేర్పిన పద్యం ఎత్తుకుని, రెండు పాదాలు చెప్పి, మూడో పాదం మొదట్లో టక్కున ఆగిపోయేవాడు. అప్పుడు పానకాలుగారు తాపీగా చుట్టాల వైపు తిరిగి, "ఎవరూ కంగారుపడకండి, ఇంజను నీళ్ళు పట్టుకుంటోంది" అనేవారు. రేపల్లె లైను మీద బొగ్గు బండ్లు తిరిగే కాలం అది. స్టేషనులో బండి ఆగి నీళ్ళు పట్టుకోవడం తెలియని మనిషి లేడు. ఇక చూస్కోండి, చుట్టాలు విరగబడి నవ్వడం, అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకోవడం, వాడు తల వంచుకుని తానూ నవ్వి పక్కకు తప్పుకోవడం. ఆ మాట ఆ తరువాత ఆ ఇంట పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెంట నడిచింది. పానకాలుగారు పోయి చాలా ఏళ్ళయినా మాట పోలేదు. దానికి వారసుడు కోటిలింగమే.

మొన్న ఆదివారం బెజవాడ నుంచి కొడుకు వంశీధర్ భార్యనూ కూతురినీ తీసుకుని వచ్చాడు. వియ్యాలవారిని కూడా భోజనానికి పిలిచారు. కోటిలింగం మనవరాలు హన్వికను నిలబెట్టి, అమ్మవైపు తాతయ్యగారికి ఒక పద్యం వినిపించమన్నాడు. ఆ పిల్ల ఒకటో తరగతి. చక్కగా మొదలెట్టి సగంలో తడబడింది. కోటిలింగానికి అంతకంటే అదను ఏముంటుంది? తండ్రిగారి మాట తండ్రిగారి ఫక్కీలోనే అన్నాడు. ఒక్కరూ నవ్వలేదు. వియ్యంకుడు తన చేతివేళ్ళు చూసుకున్నాడు. పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని గదిలోకి పోయి తలుపేసుకుంది.

వంశీధర్ అందరి ముందూ ఏమీ అనలేదు. చేతులు కడుక్కునే చోట మాత్రం మెల్లగా అన్నాడు. "నాన్నా, దాన్ని నలుగురిలో నవ్వులపాలు చెయ్యకు. అలా అయితే మేము రావడం తగ్గించుకుంటాం." అంతకన్నా కోటిలింగాన్ని కోసింది తరువాత చూసిన దృశ్యం. పిల్లను గదిలోంచి బయటికి తేవడానికి ఆ కొడుకు జల్లెడ నెత్తిన బోర్లించుకుని, ఆ పద్యమే తప్పులతడకగా పాడుతూ, తలుపు ముందు గెంతి, కావాలని కాలు జారి పడ్డాడు. పిల్ల తలుపు తీసి పడీపడీ నవ్వింది. వియ్యాలవారూ నవ్వారు. అప్పటి నుంచి ఫోన్ చేసినా హన్విక తాతతో మాట్లాడదు.

"తండ్రన్నవాడు కూతురి ముందు కోతివేషాలు వేస్తే రేపు ఆ పిల్ల లెక్కచేస్తుందా అండీ? మా నాన్న ఎదురుగా కూర్చోవడానికే మాకు జంకు. ఆయన నవ్విస్తే నవ్వాం. ఇప్పుడు పిల్లల్ని నవ్వించడానికి మనం నేలమీద దొర్లాలి" అని కోటిలింగం నిట్టూర్చాడు. ఆ గొంతులో కోపం తక్కువ, అలసట ఎక్కువ. తన మాటకు తన ఇంట్లోనే విలువ పోయాక మనిషికి ఇంకేం ఉంటుందని అతని దిగులు.

పరదేశయ్యగారు ఆ పద్యం మూడో పాదమూ నాలుగో పాదమూ ఏమిటి అని అడిగారు. కోటిలింగం తెల్లబోయాడు. అవి తనకు తెలియవు. తనకే కాదు, తన ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు. తమ్ముడు ఎక్కడుంటాడని గురువుగారు అడిగితే, రేపల్లెలోనే అన్నాడు.

"అయితే వెళ్ళి చెప్పించుకుని రా. పూర్తిగా. వాడు ఆగినచోట నువ్వు మాట్లాడకు" అన్నారు పరదేశయ్యగారు.

వయసొచ్చిన మనిషిని పద్యం కోసం రైలెక్కించడం ఏం న్యాయమని గొణుక్కుంటూ కోటిలింగం స్టేషనుకు నడిచాడు. మోకాళ్ళు నొప్పి, బండి ఆలస్యం, పెట్టెలో ఉక్క. రేపల్లె చేరేసరికి చలమయ్య వసారాలో బనీనుతో కూర్చుని పేపరు చదువుతున్నాడు. అన్నగారు కబురు లేకుండా వచ్చేసరికి ఎవరికేమైందోనని కంగారుపడ్డాడు. ఏమీ కాలేదని తెలిశాక అతని భార్య సామ్రాజ్యం అప్పటికప్పుడు గోంగూర పచ్చడి నూరి, రెండు అప్పడాలు వేయించి భోజనం పెట్టింది. తిన్నాక కోటిలింగం నీళ్ళు నములుతూ అసలు సంగతి బయటపెట్టాడు.

చలమయ్య మొదట నవ్వాడు. తరువాత పంచె సర్దుకుని లేచి నిలబడ్డాడు. కూర్చునే చెప్పమన్నా వినలేదు. చిన్నప్పుడు చుట్టాల ముందు నిలబడ్డట్టే గోడకు వీపు ఆనించి, చేతులు కట్టుకుని, పద్యం ఎత్తుకున్నాడు. తల తెల్లబడిన మనిషి అలా చేతులు కట్టుకుంటే చూడటానికి ఎందుకో కోటిలింగానికి ఇబ్బందిగా అనిపించింది. మొదటి పాదం అయింది, రెండోది అయింది. మూడో పాదం మొదట్లో చలమయ్య ఆగిపోయాడు.

కోటిలింగం నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. గురువుగారి ఆజ్ఞ గుర్తొచ్చి పళ్ళు బిగబట్టాడు. వంటింట్లో సామ్రాజ్యం గిన్నెలు సర్దుతోంది. చలమయ్య కాసేపు చూసి, "అనవేం అన్నయ్యా?" అన్నాడు. ఈసారి అననని, పద్యం అంతా విని రమ్మన్నారని కోటిలింగం చెప్పాడు. చలమయ్య మూడో పాదం మళ్ళీ ఎత్తుకుని, నాలుగో పాదం చివరిదాకా ఎక్కడా తొణక్కుండా, బెణక్కుండా చెప్పేశాడు. వాన కురిసి వెలిసి, చెట్ల కింద ఇంకా చినుకులు రాలుతూ ఉండటం మీద ముగుస్తుంది ఆ పద్యం. చాలా బాగుంది. కోటిలింగం ఎప్పుడు నేర్చుకున్నావని అడిగాడు.

"అప్పుడే వచ్చు. మొదటిసారి నిజంగానే మర్చిపోయా. తర్వాత ఎప్పుడూ మర్చిపోలేదు."

మరి ఎందుకు ఆగేవాడివి అని అడిగాడు. చలమయ్య కూర్చుని, పేపరు మడతపెట్టి చెప్పాడు. ఆ రోజుల్లో మధ్యాహ్నం మిల్లుకు క్యారియరు తీసుకెళ్ళేది తనే. ఒకరోజు వెళ్ళేసరికి షావుకారు బేరగాళ్ళ మధ్య కూర్చుని, పానకాలుగారిని ఎదురుగా నిలబెట్టి, ఈయన బుర్రలో బియ్యమెంతో తవుడెంతో ఎవరైనా చెప్పండని పందెం వేస్తున్నాడు. బేరగాళ్ళు తలకొక మాట అని నవ్వుతున్నారు. పానకాలుగారు చేతులు కట్టుకుని తనూ నవ్వుతున్నారు. క్యారియరు గుమ్మం దగ్గర పెట్టేసి వచ్చేశాడట చలమయ్య. తండ్రి తనను చూశాడో లేదో ఇప్పటికీ తెలియదట.

"ఆ సాయంత్రం మన గుంటూరు మామయ్య వచ్చాడు. నాన్న భుజం మీద తవుడు కూడా దులుపుకోలేదు, అట్లాగే వచ్చి కూర్చున్నాడు. నన్ను పద్యం చెప్పమన్నాడు. నాకు మొత్తం వచ్చు అన్నయ్యా. కాని చెప్పేస్తే ఆయనకు అనడానికేముంటుంది? ఆగాను. ఆయన అన్నాడు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. ఆ నవ్వు మిల్లులో నవ్వు కాదు. ఇంక ఆ తర్వాత ఆగడం మానలేదు."

 బాధ అనిపించేది కాదా అని కోటిలింగం అడిగాడు. అనిపించేది అన్నాడు చలమయ్య మామూలుగా. బళ్ళో ఇంజనని పేరు పెట్టారు, చివరికి పెళ్ళిలో అత్తవారివైపు వాళ్ళు కూడా అదే పేరుతో పిలిచారు. అప్పుడు మాత్రం విసుగొచ్చింది. కాని నాన్నకు ఉన్నది ఆ ఒక్క జోకే, దాన్ని ఎలా లాక్కుంటాం అనుకున్నాడు. పోనీ నాన్న పోయాకైనా ఈ సంగతి చెప్పవచ్చు కదా అని కోటిలింగం అన్నాడు.

"నాన్న పోయినా నువ్వు అంటూనే ఉన్నావు కదా. మొన్న మా అమ్మాయి సీమంతంలోనూ అన్నావు" అన్నాడు చలమయ్య. ఆ అనడంలో నిష్ఠూరం లేదు. అదే కోటిలింగానికి భరించరానిదైంది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో తల ఎత్తలేక, సామ్రాజ్యం ఇచ్చిన కాఫీ చల్లారేదాకా చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

సాయంత్రం బండి కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడి కొడుక్కు ఫోన్ చేశాడు. హన్వికకు ఇమ్మని అడిగాడు. అవతల ఏదో మంతనం జరిగింది, పిల్ల రానంది. వంశీధర్ తనే మాట్లాడాడు. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చాడట, బూట్లు కూడా విప్పలేదట, పొద్దున్నుంచీ మేనేజరు ప్రాణం తోడేశాడట. ఆ గొంతు వింటే కోటిలింగానికి తన తండ్రి వీధి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నట్టే ఉంది. అంతలో వెనక నుంచి, ఆ జల్లెడ వేషం మళ్ళీ వెయ్యమని పిల్ల గారాలు పోవడం వినబడింది. వంశీధర్ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, "ఉంటా నాన్నా" అని ఫోన్ పెట్టేశాడు. అది కట్టయ్యేలోపే అవతల దబ్బున పడిన చప్పుడూ, పిల్ల కిలకిలలూ కోటిలింగం చెవినపడ్డాయి. బండి వచ్చి ఆగినా అతను కాసేపు ఎక్కలేదు.

మర్నాడు పొద్దున్నే కాలవగట్టుకు వెళ్ళి చాప మీద కూర్చుని జరిగిందంతా చెప్పాడు. పద్యం నాలుగు పాదాలూ అప్పగించాడు. పరదేశయ్యగారు కళ్ళు మూసుకుని విన్నారు. చినుకులు రాలే చివరి పాదాన్ని మాత్రం ఇంకోసారి చెప్పించుకుని, బాగుందన్నారు. మిగతా సంగతి ఎత్తలేదు.

కోటిలింగం ఉండబట్టలేకపోయాడు. మా నాన్నది తప్పంటారా అన్నాడు. జవాబు లేదు. పోనీ నా కొడుకుది ఒప్పంటారా అన్నాడు. దానికీ లేదు. చివరికి కళ్ళు తుడుచుకుని, అదంతా సరే, ఇప్పుడు ఆ పిల్ల నాతో మళ్ళీ మాట్లాడే దారేదో చెప్పండి, నాకింక ఆ ఒక్కటి చాలు అన్నాడు.

పరదేశయ్యగారు కళ్ళు తెరిచి అతని వంక చూశారు. ఆ చూపులో జాలి ఉంది.

"మీ నాన్న షావుకారు ముందు నిలబడ్డాడు. నీ తమ్ముడు చుట్టాల ముందు నిలబడ్డాడు. నీ కొడుకు బూట్లయినా విప్పకుండా కూతురి ముందు నిలబడ్డాడు. మీ ఇంట్లో ఇన్నాళ్ళూ కూర్చుని చూసినవాడివి నువ్వొక్కడివే" అన్నారు. "ముందు లే, కోటిలింగం."