పచ్చి కడవలు

పూర్వం చింతలకోట సంస్థానంలో రాజుగారి పాఠశాల ఒకటి ఉండేది. దాని పెద్ద శేషావధానిగారు, చేరవచ్చిన ప్రతి బిడ్డనూ వాకిట్లోనే ఒక పద్యం అప్పజెప్పమనేవారు. ఇంట్లో చదువున్న పిల్లలు గడగడా చెప్పేసేవారు. పెద్దయ్యాక కొలువులో పురాణం చెప్పాలని ఆశపడి వచ్చిన కుమ్మరి పేరిందేవి కూతురు నాంచారి మాత్రం నోరు తెరవలేకపోయింది.

"దీని బుర్రలో ఏదీ నిలవదు. దీనికి చదువు దండగ. మట్టి తొక్కించుకో, పో," అన్నారాయన.

పేరిందేవి కొంగుతో కళ్ళద్దుకుని బిడ్డను ఇంటికి తీసుకుపోయింది.

మరుసటేడు సరస్వతీపూజకు పాఠశాలవాళ్ళు ఆమెనే పది కడవలు తెమ్మన్నారు. తెచ్చింది. రాజుగారి ఎదుట నీళ్ళు పోయగానే అవన్నీ బురదై కూలిపోయాయి.

"పచ్చి కడవలు తెచ్చావేమే? ఆవంలో పెట్టి కాల్చలేదా?" అని మండిపడ్డారు అవధానిగారు.

"కాల్చక ముందే ఒకదానిలో నీళ్ళు పోసి చూశానయ్యా. నిలవలేదు. నిలవనిదాన్ని కాల్చడం దండగని తమరి దగ్గరే నేర్చుకున్నాను."

"నేనెప్పుడు చెప్పానే?"

"నా నాంచారిని వాకిట్లోంచే పంపేసిననాడు."

రాజుగారు అవధానివైపు చూశారు. ఆయన తల దించుకుని, "రేపే తీసుకురామ్మా. నేనే దిద్దిస్తాను," అన్నారు మెల్లగా.

"అది మొన్న వానాకాలం జ్వరంలో పోయిందయ్యా. ఒక్క పద్యమైనా నేర్పమని ఆఖరిదాకా నన్నడిగింది. నాకొస్తేగా."

పేరిందేవి గుమ్మం బయట నిలబడ్డ తమ వీధి పిల్లల్ని చూపించింది.

"వీళ్ళకీ రాదు. నేర్పండి."