విగ్రహం ముందు దీపాలు

వేలాసీమ అనే సముద్రతీర ప్రాంతంలో గవరినాయుడు అనే పెద్దమనిషి ఉండేవాడు. తన సీమలో పుట్టిన మహనీయుల గొప్ప చెప్పుకోవడం తప్ప ఆయనకు వేరే పని పట్టేది కాదు.

ఆ సీమలో పేరుపొందినవాళ్ళు చాలామందే పుట్టారు. కలరా వచ్చినప్పుడు ఊరూరా తిరిగి మందిచ్చిన వైద్యురాలు, తీరం పొడవునా జనం పాడుకునే పదాలు కట్టిన కవి, ఇంకా ఎందరో. వాళ్ళ విగ్రహాలన్నీ ఒడ్డున ఒక మండపంలో ఉండేవి. దాని బాగోగులు గవరినాయుడే చూసేవాడు. అందరిలోకీ ఆయన ఎక్కువగా చెప్పేది తన ముత్తాత పేరినాయుడి గురించి. రాళ్ళగుట్టకు తగిలి పడవలు పగిలిపోతుంటే చూడలేక, కొండమీద దీపస్తంభం కట్టించి, బతికినన్నాళ్ళూ తన చేత్తో దీపం వెలిగించిన మనిషి ఆయన. ఆయన తర్వాత ఆ పని వంశంవాళ్ళది అయింది.

ఒక ఏడు గవరినాయుడు ముత్తాత జయంతి ఘనంగా తలపెట్టాడు. పట్నం నుంచి పెద్దలను పిలిపించాడు. విగ్రహం ముందు వరసలు వరసలుగా ప్రమిదలు పెట్టించాడు. నూనె చాలకపోతే దీపస్తంభానికి ఉంచిన నూనె కూడా తెప్పించి పోయించాడు. పడవలు ఎలాగూ పొద్దుగూకేలోపు వచ్చేస్తాయిలే అనుకున్నాడు.

పొద్దుగూకాక గవరినాయుడు ఉపన్యాసం మొదలుపెట్టేసరికి గాలి తిరిగింది. సముద్రం మీద మబ్బు కమ్మింది. కొర్లమ్మ అనే బెస్త ఇల్లాలు పరుగున వచ్చింది. ఆమె భర్త దానయ్య పడవ ఇంకా ఒడ్డుకు చేరలేదు.

"బాబూ, గాలి తిరిగింది. కొండమీద దీపం ఎలిగించండి," అంది.

గవరినాయుడు ఆగమని చేత్తో సైగ చేశాడు. ఆయన అప్పుడు ముత్తాత తుపానులో కొండెక్కిన సంగతి చెబుతున్నాడు. సభ కళ్ళార్పకుండా వింటోంది. కొర్లమ్మ కాసేపు ఓర్చుకుంది. ఇక ఉండలేక ప్రమిదల్లో నూనె ముంతలోకి వంచుకోబోయింది.

"అవి మహనీయుడి ముందు పెట్టినవి. ముట్టుకోకు. ఇంకెంత, రెండు మాటలు," అన్నాడు గవరినాయుడు.

ఆ రెండు మాటలూ చాలాసేపు సాగాయి. చప్పట్లు ఆగాక ఆయన ప్రమిదల్లోని నూనె ముంతలోకి వంపించుకుని కొండ ఎక్కాడు. దీపం వెలిగేసరికి రాళ్ళగుట్ట దగ్గర పడవ చెక్కలు తేలుతున్నాయి. దానయ్య తిరిగి రాలేదు.

మర్నాడు గవరినాయుడు కొర్లమ్మ గుడిసెకు వెళ్ళాడు.

"మీ ముత్తాతే ఆ సభలో ఉండుంటే, మీ మాటల మజ్జిలోనే లేచి కొండెక్కేసేవోడు బాబూ," అంది కొర్లమ్మ.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది.

మరుసటి ఏడు జయంతికి పట్నం పెద్దలు వచ్చి చూస్తే మండపంలో ఒక్క ప్రమిదా లేదు. గవరినాయుడు కొండమీద వత్తి సరిచేస్తూ కనిపించాడు. ఉపన్యాసం ఎప్పుడని వాళ్ళు అడిగారు.

"జయంతి జరుగుతూనే ఉంది. చివరి పడవ వచ్చేదాకా నేను కిందికి రాను," అన్నాడు ఆయన.

మన గడ్డమీద గొప్పవాళ్ళు పుట్టినంతమాత్రాన మనం గొప్పవాళ్ళం కాము. వాళ్ళు చేసిన పనిని వేళకు మనమూ చేసినప్పుడే వాళ్ళ పేరు చెప్పుకునే అర్హత మనకు వస్తుంది.