పిండి అయ్యేదాకా

పేర్రాజుగారిని సెక్షను అడిగితే చెప్పరు. "పుస్తకంలో ఉంది, అదెక్కడికీ పారిపోదు" అంటారు. లేబరాఫీసులో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి. కొత్తగా ఆ ఉద్యోగంలో చేరినవాళ్ళు ఆదివారాలు కాకినాడలో ఆయన ఇంటికి వచ్చి సందేహాలు అడుగుతుంటారు. ఎవరేం అడిగినా ఆయన ఎప్పుడో జరిగిన ఏదో ఒక సంగతి చెబుతారు, చెప్పి ఊరుకుంటారు. వచ్చినవాళ్ళు బుర్ర గోక్కుంటూ మెట్లు దిగడం పక్కింటివాణ్ణి గనక నేను చాలాసార్లు చూశాను. చట్టం మీద నాకేమీ మమకారం లేదు గాని, ఆ ఇంట్లో కాఫీ బాగుంటుంది. అందుకని నేనూ వెళ్ళి ఓ మూల కూచుంటాను.

వచ్చేవాళ్ళందరిలోకీ మృదుల అంటే ఆయనకి ప్రాణం. ఆ మాట ఆయన ఒప్పుకోరు. కాని ఆ అమ్మాయి వస్తోందంటే ఇంట్లో రెండో డికాక్షన్ కలపనివ్వరు. ఆ రోజు మృదుల కాఫీ ముట్టుకోకుండానే అడిగింది.

"సార్, రేపు నేనొక ప్రింటింగ్ ప్రెస్సు తనిఖీకి వెళ్ళాలి. యజమాని పెద్దాయన. పనివాళ్ళని కన్నబిడ్డల్లా చూస్తాడని ఊరంతా చెబుతారు. వాళ్ళ పిల్లలకి ఫీజులు కట్టాడు, ఇద్దరికి పెళ్ళిళ్ళు చేయించాడు. వాళ్ళూ ఆయన్ని నాన్నగారూ అనే పిలుస్తారు. పనిగంటలకి మాత్రం ఓ పద్ధతీ పాడూ లేదట. అలాంటి చోటికి వెళ్ళి 'ఎన్నింటికొస్తారు, ఎన్నింటికెళ్తారు' అని అడగాలంటే నాకు సిగ్గుగా ఉంది. ప్రేమ ఉన్నచోట కూడా చట్టం ఎందుకు సార్?"

మంచి ప్రశ్నే అని నాకూ అనిపించింది. పేర్రాజుగారు కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. ఆయన చెప్పిన సంగతి ఇది. ఆయన చెప్పే తీరు మరీ పొడిపొడిగా ఉంటుంది కనక నా మాటల్లో చెబుతున్నాను.

పేర్రాజుగారు ఉద్యోగంలో చేరిన కొత్త. సామర్లకోట అవతల ఒక ఊళ్ళో సుభద్రాయమ్మగారని ఒకావిడ అప్పడాలు చేయించి అమ్మేవారు. భర్త పోయాక ఇరుగుపొరుగు ఆడవాళ్ళని ఒకరిద్దరిని పక్కన కూచోబెట్టుకుని మొదలుపెట్టిన పని, పెళ్ళివారూ హోటళ్ళవారూ ముందే చెప్పుకుంటే గాని సరుకు దొరకని స్థితికి వచ్చింది. అప్పటికి ఆవిడ ఇంటి సావిడి నిండా పీటలూ, పీటల ముందు ఆడవాళ్ళూ. వాళ్ళ మధ్యనే ఆవిడా కర్ర పుచ్చుకుని ఒత్తేవారు. అందరికంటే ముందు కూచునేది ఆవిడే, ఆఖర్న లేచేదీ ఆవిడే. మధ్యాహ్నం అందరికీ ఒకటే పప్పు, ఒకటే పులుసు. పనిచేసే వాళ్ళలో ఒకామెకి కాన్పు కష్టమైతే ఆసుపత్రి వరండాలో కటికనేల మీద కూచుని మొక్కుకున్న మనిషి ఆవిడ. ఇలాంటి వాళ్ళని నేను నా జన్మలో ఎక్కువమందిని చూడలేదు.

ఆ సావిట్లో గోడకి గడియారం ఉండేది గాని దానితో ఎవరికీ పనిలేదు. పిండి అయ్యేదాకా పని, అదీ అక్కడి పద్ధతి. దంచిన పిండి మర్నాటికి ఆగదు, బిగుసుకుపోతుంది. పొద్దున ఎంత దంచితే అంతా ఆ రోజే ఒత్తి తీరాలి. ఎంత దంచాలో సుభద్రాయమ్మగారు చెప్పేవారు. ఆర్డర్లు పెరిగినకొద్దీ పిండి పెరిగింది, పిండి పెరిగినకొద్దీ పొద్దు చాలకుండా పోయింది. కూలి మాత్రం రోజు లెక్కనే. ఇందులో ఎవరి తప్పూ లేదు, తప్పంతా పిండిదే అన్నట్టు అందరూ తలవంచుకుని ఒత్తేవారు.

ఆవిడకి ఒక్కటే పట్టింపు. "ఆకలంటే అన్నం పెడతాను, అవసరమంటే అప్పిస్తాను, అబద్ధమాడితే మాత్రం గడప తొక్కనివ్వను" అనేవారు. అన్నంత పనీ చేసేవారు. అంతకు ముందు ఏడాది ఒక పిల్ల చిన్న అబద్ధమేదో ఆడితే ఆ పూటే పంపేశారు, మళ్ళీ రానివ్వలేదు.

పేర్రాజుగారు తనిఖీకి వెళ్ళి, కొత్త ఉద్యోగి గనక కాస్త బిగదీసుకుని, "వీళ్ళకి పనిగంటలు ఎన్నండీ?" అని అడిగారు.

"గంటలేవిటి నాయనా? వీళ్ళు నా పిల్లలు. కావాలంటే వాళ్ళనే అడుగు."

అడిగారు. "మాకేం లోటండీ!" అన్నారందరూ ఒక్క గొంతుతో. వాళ్ళలో ఒకామె, "బాబుగారు అన్నం తిన్నారో లేదో" అని ఆయన మీదే జాలిపడింది. ఇక ఏం అడగాలో తోచక ఆయన చుట్టూ చూస్తే ఒక పీట ఖాళీగా కనిపించింది.

"అది నూకాలు పీట" అన్నారు సుభద్రాయమ్మగారు. "మధ్యాహ్నమే వెళ్ళిపోయింది. దాని అత్తకి మళ్ళీ జబ్బు చేసిందట. పాపం, ఈ ఏడు ఆ ముసలిదానికి బొత్తిగా బాగుండటం లేదు. మొన్నామధ్య జ్వరమన్నారు, తర్వాత ఆయాసం, పోయిన నెల కళ్ళు తిరిగి పడిపోయింది. నేను చూడ్డానికే బయల్దేరుతున్నాను. నువ్వూ రా నాయనా. నా మనుషుల్ని నేనెలా చూసుకుంటానో కళ్ళారా చూసి, అప్పుడు రాసుకుందువుగాని ఏం రాసుకుంటావో."

సావిట్లో కర్రల చప్పుడు ఠక్కున ఆగిపోయింది. "ఇంత ఎండలో మీరెందుకండి అమ్మగారూ" అంది ఒకామె. "అంటురోగమేమోనండి" అంది ఇంకొకామె. తనమీద వాళ్ళకెంత అభిమానమో అని మురిసిపోయి సుభద్రాయమ్మగారు చెప్పులు తొడుక్కున్నారు.

దారిలో బత్తాయిలూ బ్రెడ్డూ కొని ఒళ్ళో పెట్టుకుని, రిక్షాలో ఆవిడ నూకాలు కష్టాలన్నీ చెప్పారు. మొగుడు పడవల మీద పోయాడంటే నెలల తరబడి కబురుండదు. ఆ ఇంట్లో పొయ్యి రాజుకునేది నూకాలు కూలితోనే. "ఆ పీట లేకపోతే అత్తాకోడళ్ళిద్దరూ పస్తే" అన్నారు. అన్నప్పుడు ఆవిడ గొంతులో గర్వమేమీ లేదు, ఒట్టి జాలి.

రిక్షా నూకాలు వీధి మలుపు తిరిగేసరికే ఎవరో మేకని తిట్టడం వినిపించింది. తిట్టేది ఆయాసం మనిషే. నూకాలు అత్త పైడమ్మ దోటి పుచ్చుకుని మునక్కాడలు లాగుతోంది. లాగినదాన్ని పక్కింటి మేక నోట కరుచుకుపోతుంటే దాని యజమాని ఏడుతరాలనీ పలకరిస్తోంది. సుభద్రాయమ్మగారిని చూసి గబుక్కున దోటి గోడకి చేరేసి, మంచమ్మీద కూలబడి, లోపలికి తిరిగి అడిగింది:

"ఓసే నూకాలా! అమ్మగారొచ్చారే! ఇయ్యాళ నాకేం జబ్బని సెప్పేవే?"

గుసగుసగానే అడిగాననుకుంది పాపం. పైడమ్మ చెముడు చెవులకి గుసగుస అంటే వీధికంతా కేక.

నూకాలు లోపల లేదు. ఎదురుగా అరుగు మీదే ఉంది. తలంటుకున్న జుట్టు ఆరబోసుకుని, కాళ్ళు బారజాపుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూచుని ఉంది. వీళ్ళని చూసి లేచి నిలబడింది. మొహాన నెత్తురుచుక్క లేదు. అబద్ధానికి ఆ సావిట్లో శిక్షేమిటో ఆమెకి తెలుసు.

యజమానులు కోప్పడటం పేర్రాజుగారు అప్పటికే చూశారు. ఏడవడం అదే మొదటిసారి చూడటం. సుభద్రాయమ్మగారి కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి.

"రాయిలా ఉన్న మనిషిని మంచాన పడేశావుటే! అడిగితే పంపనా? ఎప్పుడైనా నిన్ను కాదన్నానా?"

"అనలేదండి" అంది నూకాలు తలవంచుకుని. "మీరు పంపుతారండి. మీ మంచితనం మాకు తెలవదా? కాని అడగాలి కదండీ."

"అడగడానికేం?"

"అడిగితే 'ఏం పనుందే' అంటారండి మీరు. పేమగానే అంటారు. సెప్పడానికి నాకు పనంటూ ఉండాలి కదండీ. జబ్బయితే సెప్పొచ్చు. అందుకని అత్తని..."

"మరి ఇవాళ ఏం పనుంది?"

"ఏం లేదండి" అంది నూకాలు. "పొద్దుండగా మా అరుగుమీద కూకోవాలనిపించిందండి. సీకటుండగా పనిలోకొత్తాను, సీకటి పడ్డాక ఎల్తాను. మా ఇంటికి ఎండ ఏ పక్కనుంచి పడతాదో కూడా మర్సిపోయేనండి."

పైడమ్మ ఉండబట్టలేకపోయింది. "దాన్నేటీ అనకండమ్మా. జబ్బుపడింది నేను కదా, తప్పుంటే నాది. పడుకోటం నాకూ బాగా అలవాటైపోయింది" అంటూ, తెచ్చినవి ఎలాగూ తెచ్చారు కదా అని బత్తాయిల సంచీ నెమ్మదిగా తనవైపు లాక్కుంది.

'రేపట్నించి రావద్దు' అనే మాట కోసం పేర్రాజుగారు చూస్తున్నారు. నూకాలు కూడా దానికోసమే ఎదురుచూస్తోంది. సుభద్రాయమ్మగారు ఆ మాట అనలేదు. వెళ్ళి, నూకాలు అంతకు ముందు కూచున్నచోటే అరుగు మీద కూచున్నారు. సాయంత్రపు ఎండ మునగచెట్టు సందుల్లోంచి వాకిట్లో పడుతోంది. దాన్ని చూస్తూ చాలాసేపు ఉండిపోయారు.

చివరికి ఆవిడ లేచి, "రేపు పనిలోకి రా" అని మాత్రం అని రిక్షా ఎక్కారు.

సగం దారి వచ్చాక ఆవిడే అడిగారు.

"మీ చట్టంలో రోజుకి ఎన్ని గంటలు నాయనా?"

ఈయన చెప్పారు. అది దాటితే రెట్టింపు కూలి ఇవ్వాలని, వారానికో రోజు సెలవివ్వాలని కూడా చెప్పారు. ఆవిడ వాటిని పట్టించుకున్నట్టు లేదు.

"ఆ వేళకి వాళ్ళు వెళ్ళిపోవాలంటే కారణం చెప్పాలా?"

"అక్కర్లేదండి."

"ఏ కారణమూ?"

"ఏ కారణమూ అక్కర్లేదండి."



అంతకు ముందు ఎక్కువగా చేయించిన పనికి కూలి కట్టించే విషయంలో పేర్రాజుగారు మొహమాటపడలేదు. ఆవిడా బేరమాడకుండా కట్టారు. ఐదుగంటలకి అయిపోయేటంతే పిండి దంచించడం మొదలుపెట్టారు. పెద్ద ఆర్డరొస్తే ఇంకో ఇద్దరిని పెట్టుకున్నారు, అప్పటికీ కుదరకపోతే కుదరదని చెప్పేశారు. ఎలా నడుస్తోందో చూద్దామని మొదటిరోజు సాయంత్రం పేర్రాజుగారు వెళ్ళారు. పిండి అయిపోయింది. ఐదు కొట్టింది. ఒక్కరూ లేవలేదు. అందరూ పీటల మీదే కూచుని సుభద్రాయమ్మగారి మొహం చూస్తున్నారు.

ఆవిడ ఇటు చూశారు, అటు చూశారు. ఏమనుకున్నారో, "కరివేపాకు కోసుకొస్తాను" అని లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. ఆ వేళ ఆ ఇంట్లో కరివేపాకుతో ఎవరికీ అవసరం లేదు. తన మొహం చూసి ఎవరూ ఆగకూడదని వెళ్ళారంతే.

అప్పుడు నూకాలు లేచింది. చేతులు కడుక్కుని, కొంగు దులుపుకుని, పెరటి గుమ్మం దాకా వెళ్ళింది.

"ఎల్లొత్తానండి అమ్మగారూ."

"ఏం పనుందే?" అనేశారు సుభద్రాయమ్మగారు, అలవాటు కొద్దీ. అని వెంటనే నాలిక్కరుచుకున్నారు.

నూకాలుకి నవ్వొచ్చింది. నవ్వుతూనే, "ఏం లేదండి" అని, ఎండలో ఇంటిదారి పట్టింది. ఒకరి వెనక ఒకరు మిగతా అందరూ లేచారు. ఆవిడ పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గరే నిలబడి, వాళ్ళు వీధి చివరికి వెళ్ళేదాకా గోడ మీంచి చూస్తూనే ఉన్నారట.

పేర్రాజుగారు కళ్ళజోడు పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలారు. అంటే సంగతి అయిపోయిందన్నమాట. మృదుల కాఫీ చల్లారి మీగడ కట్టింది.

"అయితే రేపు ఆ ప్రెస్సులో నేనేం అడగాలి సార్?"

"ఎన్నింటికెళ్తారో అడుగు, అది అడగడం మన ఉద్యోగం" అన్నారాయన. "అడిగాక, ఏం చెప్పి వెళ్తారో కూడా అడుగమ్మా."