గవరమ్మ బీరకాయ, పొత్తిగుడ్డలు

గవరమ్మ ఇంట్లో వాళ్ళకి తెలివి ఎక్కువ. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, గవరమ్మే అనేది. ఆమె అంటే మొగుడు సన్నాసయ్య ఔననేవాడు, అతను ఔనంటే కొడుకు సింహాద్రి తలూపేవాడు. అంతే, ఇంట్లో వాళ్ళందరూ ఒప్పుకున్నాక ఊరిని అడగడం దేనికి? వానొస్తే ఊరంతా గొడుగులేసుకుని తిరిగేది. వీళ్ళు మాత్రం గొడుగుని పెట్టెలో దాచి తడుచుకుంటూ వెళ్ళేవాళ్ళు. అందరి గొడుగులూ తడిసి పాడైపోతున్నాయి, మనది చూడు కొన్ననాటిలాగే ఉంది అని సన్నాసయ్య మీసం తుడుచుకునేవాడు.

అంత తెలివైన ఇంట్లో గవరమ్మకి ఒక దిగులొచ్చి పడింది. కూతురు నూకరత్నం పై శుక్రవారం పురిటికి వస్తోంది. వస్తూ ఒకే ఒక్కటి అడిగింది, పెరటి బీరకాయతో అమ్మ చేతి పచ్చడి. సంతలో కాయ వద్దట, పెరటి కాయే కావాలట. బీరపాదు ఉందిలే గానీ, అది బట్టలుతికే బండ పక్కనే ఉంది. ఉతికిన సబ్బునీళ్ళన్నీ దాని మొదట్లోకే పోయేవి. ఆకులు పండిపోయాయి, పిందెలు మాడి రాలిపోయాయి. చివరికి చిటికెనవేలంత పిందె ఒక్కటి మిగిలింది.

ఇంకోపక్క పుట్టబోయే బిడ్డకి పొత్తిగుడ్డలు ఉతకాలి. పాత పంచెలూ, మెత్తబడిన చీరలూ చింపి మూట కట్టి ఉంచింది. ఉతికితే పిందె పోతుంది, ఉతక్కపోతే బిడ్డకి గుడ్డల్లేవు. గవరమ్మకి అన్నం సయించడం మానేసింది.

అది చూసి అంగన్‌వాడీ సుగుణ టీచరు కూర్చోబెట్టి చెప్పింది. బట్టలుతికే ఆ ఘాటు సబ్బుపొడి మానెయ్యమంది. అంత నురగా, అంత సెంటూ మొక్కకీ మంచిది కాదు, పసిబిడ్డ ఒంటికీ మంచిది కాదంది. కొట్లో వాసనలేనిది, రంగులేనిది, మొక్కకి చెడు చెయ్యనిది చూసుకుని కొనుక్కోమంది.

"చూసుకుని కొంటాం టీచరమ్మా. మాకు చెప్పాలేటి," అంది గవరమ్మ.

ఇంకేముంది, ముగ్గురూ కోటిలింగం కొట్టుకి బయల్దేరారు. వాసనలేనిది కావాలి కదా, మరి వాసన చూడకుండా ఎలా తెలుస్తుంది? అందుకని కొట్లో ఈ చివర్నించి మొదలెట్టారు. సన్నాసయ్య మిరపకాయల బస్తాలో ముక్కు పెట్టి తుమ్మాడు. సింహాద్రి ఇంగువ డబ్బా మూత తీసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. గవరమ్మ పెనాయిలు దగ్గరకెళ్ళి గోడ పట్టుకుని నిలబడింది. కోటిలింగం బేరం మానేసి వీళ్ళనే చూస్తున్నాడు. అలా చూసుకుంటూ చూసుకుంటూ చివరాఖరుకి ఒక బస్తా దగ్గర ఆగారు. వాసన లేదు. రంగు లేదు. పొడి మెత్తగా ఉంది. అది ముగ్గుపిండి.

మొక్కకి చెడు చేస్తుందా అని సింహాద్రికి అనుమానం వచ్చింది. గవరమ్మ నవ్వింది. రోజూ వాకిట్లో వేస్తున్నాం, గడ్డి మొలవడం మానిందా అంది. అంతే, అనుమానం తీరిపోయింది. వాకిలి పెద్దదేమోలే అనుకుని కోటిలింగం సంచి నిండా పోసిచ్చాడు.

ఇంటికొచ్చి ముందు సన్నాసయ్య పంచె ఉతికారు. ఆహా, ఏం తెలుపు. ఎన్నాళ్ళుగానో వదలని జీడిమరక కూడా కనపడకుండా పోయింది. సన్నాసయ్య అది కట్టుకుని ఊళ్ళోకి వెళ్ళాడు. ఎక్కడ కూర్చుంటే అక్కడ తెల్లటి మచ్చ. లేచి దులుపుకుంటే పొగమంచు లేచినట్టు లేచింది. పక్కనున్నవాళ్ళు తుమ్ముకుంటూ లేచిపోయారు. వాళ్ళ పంచెల్నించి ఇలా తెలుపు రాలడం లేదని కుళ్ళుకుంటున్నారు అనుకున్నాడు సన్నాసయ్య. ఇక్కడ పెరట్లో బీరపాదు మొదలంతా తెల్లగా పూత పూసినట్టయింది. పిందె మీద కూడా పొడి పడింది. గవరమ్మ దాన్ని కొంగుతో తుడిచి, ఇదేటి కదలదు మెదలదు అని మళ్ళీ దిగులు పెట్టుకుంది.

సుగుణ టీచరు వచ్చి చూసి, పైట నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు గోడవైపు తిరిగి నిలబడింది. తర్వాత, అసలు కొట్టు జోలికే వెళ్ళకండి, గట్టు మీద కుంకుడుచెట్టు ఉంది కదా, దానికి మించింది లేదు, బట్టలన్నీ దానికే వదిలెయ్యండి, శుభ్రంగా మురికి తీసేస్తుంది అని చెప్పి మీటింగుకి ఆలస్యమైందని వెళ్ళిపోయింది.

ఇంత సుఖమైన పద్ధతి ఉంటే ఇన్నాళ్ళూ బండ దగ్గర నడుములు ఎందుకు విరగ్గొట్టుకున్నామా అని గవరమ్మ బాధపడింది. మాసిన బట్టల మూట మొగుడికీ కొడుక్కీ ఇచ్చి పంపింది. వాళ్ళు వెళ్ళి చీరలూ, చొక్కాలూ, దుప్పట్లూ కుంకుడుచెట్టు కొమ్మలకి కట్టి, బట్టలన్నీ నీకే వదిలేస్తున్నాం అని చెట్టుకి చెప్పి, ఉతకడం మొదలెడుతుందేమోనని ఎదురుగా కూర్చున్నారు. ఎవరైనా చూస్తుంటే పని చెయ్యబుద్ధి కాదులే అని సింహాద్రి అన్నాడు. ఇద్దరూ అటు తిరిగి కూర్చున్నారు. అటు తిరిగి నిద్రపోయారు.

లేచి చూస్తే ఏముంది. కాకులు పైనుంచి చెయ్యాల్సింది చేశాయి. మేకలు కింద నుంచి అందినంత నమిలాయి. సన్నాసయ్య చొక్కాకి ఒక చెయ్యే మిగిలింది. "ఉతికింది గానీ మరీ గట్టిగా ఉతికేసిందే," అని ఇంటికొచ్చి చెప్పాడు. గవరమ్మ ఆ చొక్కా తిప్పి తిప్పి చూసి, ఈ చెట్టు చేతికి పొత్తిగుడ్డలు ఇస్తే బిడ్డకి పేలికలే మిగులుతాయి అంది. ఆ పూట ఆమెకి నిజంగానే ఏడుపొచ్చింది. పొత్తిగుడ్డల మూట అలాగే ఉంది, పిందె అలాగే ఉంది, కూతురు వచ్చే రోజు మాత్రం దగ్గరికొచ్చేస్తోంది.

ఇక ఇలా కాదని సుగుణ టీచరు తనే చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని పెరట్లో దిగింది. కుంకుడుకాయలు కొట్టించి, గింజలు తీయించి, వేడినీళ్ళలో నానబెట్టింది. గుజ్జు పిసికి నురగ తీసి, రసం వడగట్టి, పొత్తిగుడ్డలు ఉతికి చూపించింది. బండ మీద రెండు బాదులు, గట్టిగా పిండడం, మంచి ఎండలో ఆరెయ్యడం. ఆ నీళ్ళ సంగతి కూడా చెప్పింది. మామూలు నీళ్ళు కలిపి పల్చగా చేసి, మొదటికి కాస్త ఎడంగా పొయ్యమంది. గుడ్డలు మెత్తగా, చల్లగా వచ్చాయి. పాదు రెండుమూడు రోజుల్లో తేరుకుంది. పిందె ఒళ్ళు చేసింది. జానెడయింది, మూరెడయింది. గవరమ్మ పొద్దున లేస్తూనే దాని మొహం చూశాకే కాఫీ తాగేది.

వెళ్ళేముందు టీచరు ముగ్గుర్నీ నిలబెట్టి గట్టిగా చెప్పింది. "ఇదిగో, బాగా వినండి. తల్లి దగ్గరికి గానీ బిడ్డ దగ్గరికి గానీ ఏది వెళ్ళినా సరే, ముందు ఇలా కుంకుడురసంలో ఉతకాలి, పిండాలి, ఎండలో ఆరెయ్యాలి. ఆ తర్వాతే."

ముగ్గురూ విన్నారు. బాగా విన్నారు.

శుక్రవారం వచ్చింది. నూకరత్నం మొగుణ్ణి వెంటబెట్టుకుని బస్సు దిగింది. వీధి గుమ్మంలోంచి నేరుగా పెరట్లోకే వచ్చేసింది. తీగ మీద పొత్తిగుడ్డలు తెల్లగా ఊగుతున్నాయి. చూసి మురిసిపోయింది. తర్వాత పాదు వైపు చూసింది. కాయ లేదు.

"అమ్మా, బీరకాయేదే?"

"ఆరుతోంది తల్లీ," అంది గవరమ్మ.

గుడ్డల పక్కనే, తొడిమెకి తాడు కట్టి, బీరకాయ వేలాడుతోంది. అది కాయలా లేదు, పిండిన తువ్వాలులా ఉంది. నీ దగ్గరికి వచ్చేదే కదా అని పొద్దున్నే కోసి ఉతికానని గవరమ్మ చెప్పింది. బాదితే కాస్త చితికిందట. పిండితే నీళ్ళు చాలానే వచ్చాయట, ఎంత మురికి పట్టి ఉందో పాపం అనుకుందట.

నూకరత్నం పొట్ట పట్టుకుని బండ మీద కూలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ, కళ్ళు తుడుచుకుని, ఆ కాయ విప్పించుకుంది. "రుబ్బడం నువ్వే చేసేశావు కదమ్మా. నాలుగు సార్లు కడిగి పోపు పెట్టు, అదే తింటాను," అంది.

గవరమ్మ గుండె కుదుటపడింది. కూతురు అడిగింది కూతురికి అందింది. ఇంట్లో తెలివి ఉంటే ఏదీ ఆగదు.

"మరి నాన్నేడే?"

"అదే తల్లీ, పుట్టగానే బిడ్డని ఎత్తుకునేది తాతే కదా," అంటూ గవరమ్మ తీగ రెండో చివర దుప్పటి పక్కకి తీసింది.

సన్నాసయ్య చంకలు తీగ మీద వేసి, కాళ్ళు నేలకి తగలకుండా మడుచుకుని వేలాడుతున్నాడు. నెత్తి మీద ఇంకా కుంకుడు నురగ ఉంది. ముక్కు మీంచి నీళ్ళు కారుతున్నాయి. వేప కొమ్మకి కట్టిన తీగ ఊడకుండా సింహాద్రి పట్టుకుని నిలబడ్డాడు. సన్నాసయ్య కూతుర్ని చూసి, ఇంకా ఆరలేదమ్మా, దగ్గరికి రాకు అన్నాడు.

"ఉతకడం బాగానే ఉతికాం," అంది గవరమ్మ అల్లుడి వైపు తిరిగి. "పిండడమే మా ఇద్దరి వల్లా కాలేదు. వేళకొచ్చారు బాబూ. మీరా కాళ్ళు పట్టుకుని అటు తిప్పండి, నేను తల పట్టుకుని ఇటు తిప్పుతాను."

అల్లుడు పెట్టె కింద పెట్టి వీధి వైపు చూశాడు. బస్సు వెళ్ళిపోయింది.