బాలింత పెట్టె

అనకాపల్లిలో గడియారాలు బాగుచేసే గవరయ్యకు, మూత పెట్టి ఉన్నదేది కనబడినా తెరిచి చూడందే చెయ్యి ఊరుకునేది కాదు. దుకాణంలో అది పనితనం, ఇంట్లో మాత్రం పెద్ద బెడద. ఉడుకుతున్న అన్నం గిన్నె మూత తీసేవాడు. తోడు పెట్టిన పాలను గంటకోసారి కదిపేవాడు. పాదులో పాతిన ఆనపగింజ మొలిచిందో లేదోనని తవ్వి చూసి, మళ్లీ పాతేవాడు. పాపం, ఆ గింజ ఏనాటికీ మొలవలేదు.

ఆయన కూతురు హారిక విశాఖపట్నంలో పశువుల డాక్టరు. ఎవరో పెంచలేక ఆసుపత్రిలో వదిలేసిన ఫెర్రెట్‌ను ఒక చలికాలం ఇంటికి తెచ్చింది. ముంగిసను కాస్త సాగదీసి మెత్తటి బొచ్చు తొడిగినట్టుండే జంతువది. రోజులో ముప్పాతిక వంతు నిద్రపోయేది. లేచిందంటే నడుము విల్లులా వంచి పక్కపక్కకు గెంతేది. రబ్బరు చెప్పు కనబడితే చాలు, మంచం కిందికి ఈడ్చుకుపోయి దాచేది. ఇప్పుడది నిండు చూలుతో ఉంది. వెనక గదిలో, పక్కన కన్నం ఉన్న చెక్కపెట్టెలో దానికి చోటు చేశారు.

"ఆసుపత్రిలో కుక్కల అరుపులకు బెదిరిపోతోంది నాన్నా. ఇవాళో రేపో ఈనుతుంది. తిండీ నీళ్లూ పెట్టు, చాలు. పెట్టె మూత మాత్రం తీయకు. బెదిరితే పిల్లల్ని తనే చంపేసుకుంటుంది," అని చెప్పి హారిక డ్యూటీకి వెళ్లిపోయింది.

"ఆమాత్రం నాకు తెలీదేటమ్మా!" అన్నాడు గవరయ్య.

మర్నాడు పొద్దున్నే పెట్టెలోంచి సన్నగా కీచుకీచుమని వినబడింది. గవరయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. భార్య పైడితల్లి పెరట్లో బట్టలు ఉతుకుతోంది. 'ఒక్కసారి చూస్తే ఏటైపోద్ది?' అనుకుని మూత ఎత్తాడు.

చిటికెనవేలంత పిల్లలు! కళ్లు తెరవలేదు, చెవులు తెరుచుకోలేదు. లోకం ఉందని కూడా వాటికి తెలియదు, తల్లి వెచ్చదనం తప్ప. గవరయ్యకు ఒళ్లు పులకరించింది. అంతలోనే తల్లి ఉలిక్కిపడింది. ఒక పిల్లను నోట కరుచుకుని ఈ మూలకూ ఆ మూలకూ పరుగులు తీసింది. ఎక్కడ దాచాలో దానికి తోచలేదు. కంగారులో పళ్లు బిగిశాయి. పిల్ల కీచుమని ఊరుకుంది.

పైడితల్లి తడి చేతులతో పరుగెత్తుకొచ్చి మూత వేసింది.

"ఏటండీ ఈ పని? బాలింత గది తలుపు తోసుకుని వెళ్లిపోతారేటి? మన హారిక పుట్టినప్పుడు పురుడు వెళ్లేదాకా గుమ్మం బయటే కూకున్నారు కదా! ఇది మాత్రం తల్లి కాదా?"

కరిచింది తల్లే అయినా చంపింది తనేనని గవరయ్యకు తెలుసు. మిగిలిన వాటినైనా అది సాకుతుందో లేదో తెలియదు. కిటికీకి మందపాటి దుప్పటి కట్టాడు. గది బయట పీట వేసుకుని కూర్చున్నాడు. ఇంట్లో ఎవరు గట్టిగా దగ్గినా వేలు చూపించి కసిరేవాడు. లోపలికి వెళ్లి మాంసం ముక్కలు పెట్టేటప్పుడు చెయ్యి దానంతటదే మూత మీదికి పోయేది. రెండో చేత్తో పట్టుకుని బయటికి వచ్చేసేవాడు.

ఒక రోజంతా ఏ చప్పుడూ లేదు. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. తెల్లారాక మళ్లీ కీచుకీచులు వినబడితే గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు.

నెల దాటింది. ఒక సాయంత్రం ఆయన నీళ్ల గిన్నె పెడుతుండగా పెట్టె కన్నంలోంచి తల్లి బయటికి వచ్చింది. దాని నోట్లో ఒక పిల్ల ఉంది. తిన్నగా నడిచి వచ్చి, పిల్లను గవరయ్య పాదం మీద పెట్టింది. వెనక్కి వెళ్లి ఇంకొకటి తెచ్చింది. మళ్లీ ఇంకొకటి. అప్పుడప్పుడే విచ్చుకున్న కళ్లతో అవి ఆయన వంక చూశాయి. గవరయ్య ఊపిరి బిగబట్టి, కొయ్యలా నిలబడిపోయాడు.

"ఏమే, ఇలా రా," అన్నాడు పైడితల్లితో గుసగుసగా. "నేను అడక్కుండానే చూపిస్తోంది."

ఎదిగే ప్రాణాన్ని ఆత్రంతో తెరిచి చూస్తే పోగొట్టుకుంటాం. ఓపికతో కాచుకుంటే అదే మన ముందుకు వస్తుంది.