సింగారమ్మ బుగ్గలో దాగిన మందు

అనగనగా ఒక అడవిలో, ఏరు రెండు పాయలుగా చీలే చోట, ఒక పెద్ద రాతి గుహ ఉండేది. భయపడకండి పిల్లలూ, అది పులి గుహ కాదు. ఆ అడవికి అదే ఆసుపత్రి. కాలు విరిగిన కుందేలు కుంటుకుంటూ అక్కడికే వచ్చేది. కడుపునొప్పి పట్టిన అడవిపంది మూలుగుతూ అక్కడికే వచ్చేది. ఈరన్న అనే ముసలి ఎలుగుబంటి అక్కడ వైద్యుడు. ఓబులేసు అనే ముంగిస కట్లు కట్టేవాడు. సింగారమ్మ అనే కోతి కాన్పులు చేసేది.

సింగారమ్మ అంటే ఆ అడవిలో ఎంత గౌరవమో! దుప్పి పిల్లయినా, కణుజు పిల్లయినా, నేల మీద పడగానే మొదట తగిలేవి సింగారమ్మ చేతులే. నొప్పులు మొదలైన తల్లులు "సింగారక్క వచ్చిందా?" అని అడిగేవారు. వచ్చిందని తెలిస్తే సగం భయం పోయేది.

ఒక ఎండాకాలం ఆ అడవికి దగ్గుజబ్బు వచ్చింది. పై కొండల్లో మొదలై, ఏటి గట్టు వెంట దిగివచ్చింది. ముందు గొంతు గరగర. తర్వాత దగ్గు. ఆ తర్వాత ఊపిరి అందదు. నిన్న గంతులేసిన కుందేలు ఇవాళ లేచేది కాదు. గుహ నిండిపోయింది, గుహ ముందు ఇసుక కూడా నిండిపోయింది. సింగారమ్మ తిండి మాని పనిచేసింది. రోగుల నోట్లో నీళ్ళు పోసింది. పోయినవాళ్ళ కళ్ళు మూసింది. ఆమె సోమరి కాదు, చెడ్డది కాదు. ఆ సంగతి మరిచిపోకుండా మిగతా కథ వినండి.

ఈరన్న కష్టపడి ఒక మందు తయారుచేశాడు. ముందు తాను తాగి చూశాడు. తర్వాత ఓబులేసు తాగాడు. పై కొండల్లో ఇష్టపడి ముందుకొచ్చిన జంతువులు తాగాయి. ఈరన్న వాళ్ళందరినీ కనిపెట్టి చూశాడు. వాళ్ళ మధ్యే జబ్బు తిరిగినా వాళ్ళు నిలబడ్డారు. అప్పుడు అందరినీ పిలిచి చెప్పాడు.

"ఇది జబ్బు వచ్చాక తగ్గించే మందు కాదు. జబ్బు రాకముందే దాన్ని ఎదిరించడం మన ఒంటికి నేర్పే మందు. తాగిన రోజు కొందరికి ఒళ్ళు వెచ్చబడుతుంది, వణుకు పుడుతుంది. మర్నాటికి పోతుంది. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. పాలు తాగే కూనలకు ఈ మందు పడదు. వాళ్ళ చుట్టూ ఉండే మనం తాగాలి. ఆ కూనలకు మనమే కంచె."

ఆ ఆసుపత్రికి ఒక కట్టుబాటు ఉంది. కొత్త మందు ఏదైనా సరే, ఇచ్చేవాళ్ళు అందరి ముందూ తాగాకే మిగతావాళ్ళకు ఇవ్వాలి. ఈరన్న, ఓబులేసు అప్పటికే తాగేశారు. ఇక మిగిలింది సింగారమ్మ.

సింగారమ్మకు భయం వేసింది.

మందు తాగిన రోజు ఓబులేసు చలితో వణుకుతుంటే ఆకులు కప్పింది ఆమే. మర్నాడు వాడు లేచి ఉడుతతో పోట్లాడటం కూడా చూసింది. కానీ ఆమె మనసులో ఆ వణుకే నిలిచింది. దానికి తోడు తిమ్మప్ప అనే నక్క ఒకడు నీళ్ళరేవు దగ్గర ఎదురయ్యాడు.

"ఏం సింగారమ్మా, రేపు మందు తాగేది నువ్వేనంట కదా?"

"అవును. అయితే ఏంటి?"

"ఏం లేదులే. పై కొండలో ఎవరో కోతికి తోక ఊడిందంట."

"ఎవరు చూశారు?"

"చూసినవాడే చెప్పాడు."

"వాడెవరు?"

"వాడికి ఇంకొకడు చెప్పాడులే. నాకెందుకమ్మా, నా తోక నాకుంది!"

"పనీపాటా లేదా నీకు? పో!" అని సింగారమ్మ కసిరింది. కసిరింది కానీ, వాడు వెళ్ళగానే ఆమె చేయి తనకు తెలియకుండానే తోక మీదికి పోయింది.

ఈరన్నను అడిగితే సరిపోయేది. ఆమె గుహకు తిరిగి వచ్చేసరికి ఆయన పది అడుగుల దూరంలోనే కూర్చుని ఉన్నాడు. సింగారమ్మ ఆయన దగ్గరికి వెళ్ళింది. "ఏంటి?" అన్నాడు ఈరన్న. "నీళ్ళు కావాలేమోనని" అని వెనక్కి వచ్చేసింది. కాసేపాగి మళ్ళీ వెళ్ళింది. "ఆకులు ఎండాయేమో చూద్దామని" అంది. మూడోసారి వెళ్ళినప్పుడు ఈరన్నే తలెత్తాడు.

"ఏమన్నా అడగాలా సింగారమ్మా?"

"నేనా? ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నాను. నాకేముంటుంది అడగడానికి?" అని నవ్వేసింది.

ఇంతకాలం పనిచేసిన తాను, ఇవాళ చిన్నపిల్లలా "నాకు భయమేస్తోంది" అంటే నవ్వుతారని ఆమె సిగ్గుపడింది. ఎంత పాడు సిగ్గు! మట్టి తింటూ పట్టుబడితే పడాలి సిగ్గు. అడగడానికి సిగ్గెందుకర్రా? నోరు తెరిచి ఒక్క ముక్క అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. మనమందరం హాయిగా అన్నానికి లేచేవాళ్ళం.

మర్నాడు గుహ ముందు అడవంతా చేరింది. ఈరన్న మోదుగాకు దొన్నెలో మందు పోసి ఇచ్చాడు. సింగారమ్మ అందుకుంది. అందరి కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి. దొన్నె ఎత్తి గటగటా పోసుకుంది.

కానీ కోతికి బుగ్గల్లో సంచులుంటాయని మీకు తెలుసు కదా? శనగలు దొరికితే గబగబా బుగ్గలో కుక్కుకుని, చెట్టెక్కి తీరిగ్గా తింటుందే, ఆ సంచులు. సింగారమ్మ మందునంతా అందులోకి తోసింది. గుటక వేసినట్టు గొంతు మాత్రం కదిలించింది.

"భేష్ సింగారక్కా!" అని అడవంతా అరిచింది.

"అక్కా, ఆ బుగ్గ ఏంటి అలా ఉబ్బింది?" అన్నాడు ఓబులేసు.

నోట్లో మందు ఉంటే ఏం మాట్లాడుతుంది? "ఊఁ... ఊఁ..." అంటూ చెయ్యి ఊపింది.

"పన్ను నొప్పేమో పాపం. పొద్దంతా ఆ పచ్చి వెలక్కాయలు కొరుకుతుంది" అన్నాడు వాడు. అందరూ నవ్వారు.

సింగారమ్మ బండ వెనక్కి పోయి ఉమ్మేసింది. ఇసుక మీద మందు పచ్చగా మెరిసింది. ఎవరైనా చూస్తారేమోనని కాలితో మన్ను కప్పింది. అటు వైపు జంతువులు వరసలో నిలబడుతున్న చప్పుడు వినిపిస్తోంది. "సింగారమ్మే తాగింది, ఇక మనకేం భయం?" అనుకుంటున్నాయి. ఆ మాట వినగానే ఆమె చెవులు వేడెక్కాయి.

ముందు అడవిపంది వచ్చి అడిగింది. "నిజంగా తాగావా సింగారమ్మా?" "తాగాను" అంది. నోరు తడబడింది. తర్వాత ఆడ నెమలి అడిగింది. "తాగాను" అంది. ఈసారి తడబడలేదు. చివరికి లింగమ్మ వచ్చింది. లింగమ్మ దుప్పి. నిండు చూలాలు. తొలిచూలు.

"అక్కా, నువ్వు తాగావు కదా? నువ్వు తాగితే నేనూ తాగుతాను. కడుపులో వీడున్నాడని భయంగా ఉంది. చేదుగా ఉంటుందా?"

"చేదే" అంది సింగారమ్మ. ఆ రోజు ఆమె చెప్పిన నిజం ఆ ఒక్కటే. లింగమ్మ కళ్ళు మూసుకుని గుటుక్కున మింగేసింది.

అడవిలో దగ్గు తగ్గుతూ వచ్చింది. గుహ ముందు ఇసుక ఖాళీ అయింది. అందరూ తాగారుగా, తనొక్కతే తాగకపోతే ఏమవుతుందిలే అనుకుంది సింగారమ్మ. ఇంతమంది రోగుల్ని ముట్టుకున్నా తనకేమీ కాలేదు, ఇంకేమవుతుంది అని కూడా అనుకుంది.

తొలకరి పడిన రోజు లింగమ్మకు నొప్పులు వచ్చాయి. ఆ పొద్దున్నే సింగారమ్మ గొంతు కాస్త గరగరలాడింది. ఎంతమంది రోగుల గొంతుల్లో ఆ గరగర విన్నది ఆమె! అయినా "చల్లగాలికి అయ్యుంటుంది" అనుకుని పరుగెత్తింది. పోకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు కదా. కాన్పు తేలిగ్గా అయింది. కూన ముక్కులో జిగురు అడ్డుపడితే, సింగారమ్మ ఎప్పటిలాగే తన నోటితో ఊది తీసింది. కూన కీచుమంది. లింగమ్మ ఏడుస్తూ నవ్వింది.

నాలుగు రోజులు తిరక్కుండానే సింగారమ్మ మంచం పట్టినట్టు పడిపోయింది. ఆయాసం, దగ్గు. గుహకు దూరంగా, ఏటి అవతల చదునుబండ మీద ఆమెను పడుకోబెట్టారు. మర్నాడు కూన కూడా దగ్గింది. అంత చిన్న ఒంట్లోంచి అంత పెద్ద దగ్గు ఎలా వచ్చిందో! పాలు తాగలేక, ఊపిరి అందక తల్లి పొట్టకింద కొట్టుకుంది.

అడవిలో గుసగుసలు బయలుదేరాయి.

"సింగారమ్మ మన కళ్ళముందే తాగింది కదా? అయినా వచ్చిందే!"

"అంటే ఆ మందు ఉత్త పసరునీళ్ళన్నమాట."

"నేను చెప్పలా!" అని తిమ్మప్ప గుట్ట మీదికెక్కి తోక ఊపాడు.

అవతలి పాయ అడవి నుంచి తల్లులు ఇంకా మందు తాగడానికి వస్తూనే ఉన్నారు. కుందేళ్ళు, కణుజులు, చంకన పిల్లలతో కొండముచ్చులు. ఈ మాట విని దారిలోనే ఆగిపోయారు. ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు.

ఈరన్న ఎవరినీ తిట్టలేదు. మందు కుండ ముందు కూలబడ్డాడు.

"నా చేతిలోనే ఏదో తప్పు జరిగింది ఓబులేసూ. నన్ను నమ్మి తాగింది సింగారమ్మ. నన్ను నమ్మి తాగింది లింగమ్మ. ఆ పసికూన ఊపిరాడక కొట్టుకుంటుంటే నేనింక ఎవరికి మందు పోస్తాను?"

లేచి, కుండను ఏటి ఒడ్డుకు తెచ్చాడు. ఒలకబోయడానికి వంచాడు.

అవతల బండ మీద సింగారమ్మ అంతా చూస్తోంది. తను నోరు మూసుకుంటే చాలు. ఎప్పటికీ ఎవరికీ తెలియదు. లేచి తిరిగితే మళ్ళీ "సింగారక్కా" అని పిలుస్తారు, మళ్ళీ కూనల్ని చేతిలో పెడతారు. తప్పంతా ఆ ముసలాయన నెత్తిన పడుతుంది. వెనక్కి తిరిగిన తల్లుల వీపులు చూసింది. వాళ్ళ చంకల్లో పిల్లలు వెనక్కి చూస్తున్నారు. కూన దగ్గు ఏరు దాటి వినిపించింది.

"ఆగు ఈరన్నా!" అని అరిచింది. అరిచేసరికి దగ్గు తెర కమ్మేసింది. ఓబులేసు ఏట్లో దిగబోయాడు. "దగ్గరికి రావద్దు! ఎవరూ రావద్దు. అక్కడే ఉండి చూడండి" అంది.

పక్కనున్న నేరేడుపండు తీసి అందరికీ కనబడేలా నోట్లో వేసుకుంది. గొంతు కదిలించింది. నోరు తెరిచి చూపింది. పండు లేదు. తర్వాత బుగ్గలో వేలు పెట్టి ఆ పండును బయటికి తీసింది. తడిసిన పండు, చెక్కుచెదరని పండు.

గట్టు మీదివాళ్ళు మెడలు చాచి చూశారు.

"మందు మంచిదే. తాగనిది నేను. బండ వెనక ఉమ్మేశాను. నాకు భయమేసింది. అడగడానికి నామోషీ వేసింది. ఆ కూన ముక్కులో జబ్బు ఊదింది నేనే."

"నిన్ను చూసే కదా నేను తాగాను!" అంది అడవిపంది, ఇంకా నమ్మలేక.

తిమ్మప్ప పకపకా నవ్వాడు. "కోతి చేష్టలంటే ఇవే!" అన్నాడు. వాడితో పాటు ఎవరూ నవ్వలేదు. నవ్వు ఒంటరిగా మిగిలేసరికి నోరు మూసుకున్నాడు.

ఈరన్న కుండను నేల మీద పెట్టాడు. "మూడుసార్లు నా దగ్గరికి వచ్చావు" అన్నాడు నెమ్మదిగా. "నీళ్ళన్నావు, ఆకులన్నావు. నీ ముఖం చూసి కూడా నేను గట్టిగా అడగలేదు. రోజూ రోగుల మధ్య ఉండేదానికి భయమేముంటుందిలే అనుకున్నాను. అది నా తప్పు. ఉమ్మడం మాత్రం నీ తప్పే సింగారమ్మా."

అప్పుడు లింగమ్మ ఏటి ఒడ్డుకు వచ్చింది. తిడుతుందని సింగారమ్మ తల వంచుకుంది. తిట్టినా బాగుండేది.

"అక్కా" అంది లింగమ్మ. "భయంగా ఉంది, తాగలేదు అని నా చెవిలో చెప్పి ఉంటే నేనేమీ అనేదాన్ని కాదు. నాకూ భయమే వేసిందిగా. కాన్పుకు మాత్రం ఇంకొకరిని పిలుచుకునేదాన్ని."

అంతే. వెనక్కి తిరిగి కూన దగ్గరికి వెళ్ళిపోయింది.

అడవిపంది మాత్రం అవతలి గట్టు దాకా పరుగెత్తింది. "ఆగండర్రా! మందు తప్పు కాదు! తాగిన నన్ను చూడండి, గుండ్రాయిలా ఉన్నాను!" అని రొప్పుతూ అరిచింది. కొందరు తిరిగి వచ్చారు. కొందరు రాలేదు. ఒకసారి పోయిన నమ్మకం ఒక్క కేకకే తిరిగి వస్తుందా?

సింగారమ్మ బతికింది. కూన కూడా బతికింది. కానీ దాని ఊపిరితిత్తులు మళ్ళీ మునుపటిలా కాలేదు. పరుగెత్తితే దాని ముక్కులోంచి సన్నగా ఈల వస్తుంది. తోటి కూనలు గుట్ట దాటిపోతుంటే అది సగంలోనే ఆగి ఈల వేస్తూ నిలబడుతుంది.

కోలుకున్నాక సింగారమ్మ గుహకు తిరిగి వచ్చింది. కాన్పుల పని అడగలేదు. మందు కుండ పక్కన కూర్చుంది. మొదట తన దొన్నె తాను తాగింది. నోరు తెరిచి, రెండు బుగ్గలూ వేళ్ళతో లాగి, లోపల ఏమీ లేదని వచ్చిన ప్రతివాళ్ళకూ చూపించింది. కొందరు ముఖం తిప్పుకున్నారు. అయినా చూపించింది. తర్వాత అందరినీ ఒకే మాట అడిగేది.

"భయంగా ఉందా? నాకూ వేసింది. ఏముందో అడుగు. నాకు తెలియకపోతే ఈరన్నను అడిగి చెప్తాను."

ఇప్పుడు ఆమెను ఎవరూ "భేష్ సింగారక్కా" అనరు. ఏటి గట్టు మీదుగా ఆ సన్నని ఈల వినిపించినప్పుడల్లా ఆమె చేతిలో దొన్నె ఆగిపోతుంది. తల వంచుకుంటుంది. ఈల దూరమయ్యాక తలెత్తి, వరసలో తర్వాతివాళ్ళను పిలుస్తుంది.

నీతి: నలుగురూ నమ్మే చోట నిలబడినవాళ్ళు తమ భయాన్ని దాచుకోకూడదు, అడిగి తీర్చుకోవాలి. అడగడానికి పడే సిగ్గు ఒక్క పూటే ఉంటుంది. అడగక చేసిన తప్పుకు పడే సిగ్గు బతికినంత కాలం వెంట వస్తుంది.